లోపలికి రానివ్వడం తేలిక

పోయిన సంక్రాంతి సెలవులకి కర్నూలులో మా ఆపా ఇంటికి వెళ్లాను. నేను వెళ్లేసరికి దాలాన్‌లో చాప పరిచి ఉంది. చాప మధ్యలో ఒక లాంగ్ నోట్‌బుక్, పక్కన పాన్‌దాన్. చుట్టూ ఆపా, దూలాభాయ్, దూలాభాయ్ చెల్లెలు. మా భాంజా షాదీ జాబితా రాస్తున్నారు. మంగ్నీ అయిపోయింది. రంజాన్ దాటాక షవ్వాల్‌లో నిఖా.

నోట్‌బుక్ చేతిలోకి తీసుకుని చూశాను. పేజీ పైన దూలాభాయ్ చేతిరాతతో ఉర్దూలో మూడే మూడు లైన్లు ఉన్నాయి. నిఖా, మెహర్, వలీమా. వాటి కింద నీలం పెన్ను, ఎర్ర పెన్ను, పెన్సిలు, ఎవరికి దొరికినదాంతో వాళ్లు రాసినవి. మాంఝా, సాంచఖ్, మెహందీ, చౌతీ, ఐదు జుమ్మగీలు, బరాత్‌కి బ్యాండు, స్టేజీ మీద పూలు, డ్రోన్ కెమెరా. లెక్కపెడితే 26 వచ్చాయి.

పెళ్లికొడుకు మాత్రం ఈ గోలలో లేడు. మూలన గోడకి ఆనుకుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముఖం చూస్తే మూడు రోజులుగా నిద్ర లేనట్టుంది.

"క్యా హువా బేటా?" అన్నాను.

"బయటికి పంపేశారు మామూ."

నా గుండె గుభేలుమంది. షాదీ ముందు నౌకరీ పోయిందేమో అనుకున్నాను. ఆపాకి వినపడకుండా వాడి పక్కన చేరి, "ఎంతమందిని తీసేశారు?" అని గుసగుసగా అడిగాను.

"నౌకరీ కాదు మామూ. నా ప్యాచ్."

నాకు తెలిసిన ప్యాచ్ ఒక్కటే, చిన్నప్పుడు అమ్మీ మా పైజామా మోకాళ్లకి వేసిన పైవంద్. అదే మాట అన్నాను. వాడు నవ్వాడు. "అదే మామూ. పైవందే. లినక్స్ కర్నెల్‌కి వేద్దామనుకున్నాను. వద్దన్నారు."

ఇరవై ఏళ్లుగా పత్రికలో పనిచేస్తున్నాను. కర్నెల్ అన్న మాట ఎన్ని వార్తల్లో దిద్ది పంపానో లెక్కలేదు. అదేమిటో మాత్రం ఆ రోజు వరకూ ఎవరినీ అడగలేదు. ఆ సాయంత్రం, మర్నాడు, తర్వాత ఫోన్లో చాలా రాత్రులు వాడు చెబుతూ పోయాడు. అర్థమైనంత వరకు మీకూ చెప్తాను. ఎందుకంటే వాడి బాధకీ, ఆ నోట్‌బుక్‌కీ ఏదో రిష్తా ఉందని నాకు మెల్లగా తెలిసింది.

కర్నెల్ అంటే గింజ లోపలి పప్పు. ఉర్దూ మీడియంలో చదివిన నాకు వెంటనే తట్టిన మాట మగ్జ్. బాదం పగలగొడితే లోపల ఉండేది మగ్జ్, మన తలలో ఉండేదీ మగ్జే. ఇది రెండు రకాలుగానూ మగ్జే. మీ ఫోన్‌లో ఉన్న వాట్సాప్, కెమెరా, పిల్లల ఆటలు, నమాజ్ టైములు చెప్పే యాప్ ఇవేవీ నేరుగా మెమరీనీ స్క్రీన్‌నీ సిమ్ కార్డునీ ముట్టుకోలేవు. ప్రతిదానికీ కర్నెల్ దగ్గర ఇజాజత్ తీసుకోవాలి. ఎవరికి ఎంత జాగా, ఎవరి వంతు ఎప్పుడు, ఎవరి సామాను ఎవరు ముట్టుకోకూడదు ఇవన్నీ అదే చూస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నది లినక్స్ కర్నెల్. దాన్ని 1991లో ఫిన్లాండ్‌లో హెల్సింకీ యూనివర్సిటీ స్టూడెంట్ లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది దానికి పైవందులు పంపుతుంటారు. ఒక్కో భాగానికి ఒక్కో జిమ్మేదార్ ఉంటాడు. ఆయన ఒప్పుకుంటే పైకి వెళ్తుంది, చివరికి టోర్వాల్డ్స్ దగ్గరికి చేరుతుంది.

బయట ఉన్న యాప్ తప్పు చేస్తే ఆ యాప్ ఒక్కటే మూతపడుతుంది, మళ్లీ తెరుచుకుంటాం. కర్నెల్ లోపల తప్పు జరిగితే మొత్తం మెషీనే నిలిచిపోవచ్చు. మా పాత ఇంట్లో అందరికీ కలిపి ఒక బావి ఉండేది. ఎవరి కమ్రాలో సాలన్ ఒలికితే వాళ్లే తుడుచుకునేవాళ్లు. బావిలో ఏదైనా పడితే మాత్రం మూడు కుటుంబాలకి నీళ్లు బంద్. అందుకే మా నానీ బావి గట్టు మీద చెంబు కూడా పెట్టనిచ్చేది కాదు. గట్టు ఎంత ఖాళీగా ఉన్నా సరే.

ఇక వాడి పైవంద్ సంగతి. వాడి కంపెనీ దుకాణాల్లో బిల్లులు కొట్టే చిన్న మెషీన్లు తయారుచేస్తుంది. వాటిలో మెమరీ తక్కువ. మెమరీ పూర్తిగా నిండిపోతే కర్నెల్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపి జాగా చేస్తుంది. ఒక్కోసారి అది సరిగ్గా బిల్లు కొట్టే ప్రోగ్రామ్‌నే చంపేది. గిరాకీ ఎదురుగా నిలబడి ఉంటాడు, మెషీన్ బొమ్మలా ఉంటుంది. దుకాణదారులు తిట్టేవాళ్లు. దానికి మా వాడు ఒక తర్‌కీబ్ ఆలోచించాడు. మెమరీ నిండకముందే, ఎవరిని ముందు పంపాలి, ఎవరిని ఆఖర్న ముట్టుకోవాలి అన్న వరసని కర్నెల్‌లోనే పెట్టేస్తే సరిపోతుంది కదా! సుమారు 200 లైన్లు రాశాడు. పంపాడు. మొదటి జవాబు మర్యాదగానే వచ్చింది. మీ తక్లీఫ్ ఏమిటో ఇంకా వివరంగా చెప్పండి అన్నారట.

ఈలోగా ఆఫీసులో కబురు పాకింది. బాస్ వచ్చి, ఎలాగూ పెడుతున్నావు కదా, దుకాణం మూసే టైముకి వేరే వరస ఉండేట్టు చూడు అన్నాడు. బ్యాటరీ వాళ్లు వచ్చి, బ్యాటరీ తగ్గినప్పుడు ఇంకో వరస కావాలన్నారు. ఇంకెవరో వచ్చి, ఎవరిని ఎప్పుడు పంపామో హిసాబ్ రాసిపెట్టమన్నారు. ప్రతివాళ్లదీ ఒకటే మాట, "ఎలాగూ పెడుతున్నావు కదా." ఏడో సారి పంపేనాటికి అది 1,900 లైన్లయింది. టోపీ కుడదామని కూర్చుంటే షేర్వానీ అయ్యింది.

ఏడో సారి వచ్చిన జవాబులో మూడు ప్రశ్నలున్నాయి. ఇది కర్నెల్ లోపలే ఎందుకుండాలి? మీ కంపెనీ కాక ఇంకెవరికి కావాలి? పదేళ్ల తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు? ఎవరిని ఆఖర్న చంపాలో చెప్పే మీట కర్నెల్‌లో ముందే ఉంది. మెమరీ ఎంత ఇరుకుగా ఉందో కొలిచి చెప్పే ఏర్పాటు 2018 డిసెంబర్‌లో వచ్చిన 4.20 వెర్షన్ నుంచీ ఉంది. ఆ కొలత చూసుకుని ఫైస్లా చేసే పని బయట ఒక మామూలు ప్రోగ్రామ్‌కి అప్పగించవచ్చు కదా అన్నారు.

ఇంకో సంగతి కూడా గుర్తుచేశారట. ఆండ్రాయిడ్‌కి కూడా ఇలాంటిదే ఒకటి కర్నెల్ లోపల ఉండేది. లో మెమరీ కిల్లర్ అని పేరు. అది స్టేజింగ్ అనే చోట, అంటే మన లెక్కలో ఇంటి బయట వరండాలో, ఏళ్ల తరబడి కూర్చుంది. 2017లో 4.12 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. ఆ పనిని ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో బయట నడిచే ప్రోగ్రామ్ చేస్తుంది. అంత పెద్ద కంపెనీ సామానే బయటికి వెళ్లింది, నీది ఒక లెక్కా అన్నట్టు తోచింది మా వాడికి. అక్కడ తగిలింది దెబ్బ.

"మామూ, ఆ కర్నెల్ ఎంత ఉందో తెలుసా? దాదాపు 4 కోట్ల లైన్లు. అందులో నా 1,900 ఒక బరువా?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు న్యాయంగానే అనిపించింది. అందుకే ఈ బహస్ ఎక్కడ మొదలైందో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను.

ఇది పాత బహస్. 1992 జనవరి 29న ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ లినక్స్ మీద ఖుల్లంఖుల్లా ఎతరాజ్ చేశాడు. పిల్లలకి పాఠం చెప్పడానికి మినిక్స్ అనే చిన్న సిస్టమ్ రాసినాయన ఆయనే. టోర్వాల్డ్స్ ఆయన పుస్తకం చదివి నేర్చుకున్నవాడే. ఉస్తాద్ అన్నదేమిటంటే, మగ్జ్ వీలైనంత చిన్నగా ఉండాలి. ఫైళ్లు చూసేవీ, పరికరాలు నడిపేవీ అన్నీ బయట విడివిడి ప్రోగ్రాములుగా ఉండాలి. అన్నీ ఒకే ముద్దగా లోపల పెట్టడం పాతకాలపు పద్ధతి, వెనక్కి పోవడం. 22 ఏళ్ల షాగిర్ద్ వేడిగానే జవాబిచ్చాడు, తర్వాత తన లెహజాకి కొంత తగ్గాడు కూడా. ఉసూలుగా చూస్తే ఉస్తాద్ చెప్పిన డిజైన్ అందమైనదని షాగిర్ద్ కూడా ఒప్పుకున్నాడు. మగర్ జనం చేతికి అందిందీ, వాళ్ల కంప్యూటర్ల మీద పనిచేసిందీ లినక్స్. అందరూ దాన్నే పట్టుకున్నారు.

1991లో మొదటి లినక్స్ సుమారు 10,000 లైన్లు. అది ఈనాడు కోట్లకి చేరింది. అందులో సగానికి పైగా డ్రైవర్లే. కెమెరా, వైఫై, డిస్కు, ఇలాంటి ఏ పరికరం వచ్చినా దాన్ని మాట్లాడించే ముక్క ఒకటి లోపలికి రావాల్సిందే. కర్నెల్ లావెక్కిందని 2009లో టోర్వాల్డ్స్ తనే అందరి ముందూ అన్నాడు. కాబట్టి చిన్నగా ఉండటమే సవాబ్, పెద్దగా ఉండటమే గునాహ్ అని చెప్పడానికి లేదు. వచ్చిన ప్రతిదాన్నీ తిప్పిపంపి ఉంటే మన ఫోన్లలో లినక్స్ ఉండేదే కాదు.

మరి ఏది లోపల, ఏది బయట? ఈ ప్రశ్నకి వాళ్లు ఎన్నిసార్లు తలలు పగలగొట్టుకున్నారో చదువుతుంటే మన ఖాందానీ పంచాయితీలు గుర్తొచ్చాయి.

2001లో వచ్చిన 2.4 కర్నెల్ లోపల ఏకంగా ఒక వెబ్ సర్వర్ ఉండేది. పేజీలు త్వరగా అందుతాయని పెట్టారు. వేగం నిజంగానే వచ్చింది. మగర్ బయట ఉన్న సర్వర్లు ఊరుకోలేదు, అవీ వేగం పెంచుకున్నాయి. దాంతో లోపలి సర్వర్‌కి ఉన్న ఏకైక కారణం పోయింది. 2003 చివర్లో 2.6 వచ్చేసరికి దాన్ని తీసేశారు. పాతకాలంలో ఎవరికో తొందరగా ఉంటుందని వంటగదికి కొట్టిన దొడ్డి గుమ్మం లాంటిదది.

ఇంకోటి 2014, 2015ల నాటిది. ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఖబర్లు పంపుకోవడానికి డీబస్ అనే ఏర్పాటు బయట ఉంది. అది నెమ్మది, దాన్ని కర్నెల్ లోపలికి తెద్దాం అన్నారు. కేడీబస్ అని పేరు పెట్టారు. తెచ్చిన మనిషి సామాన్యుడు కాదు. గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్, కర్నెల్‌లో టోర్వాల్డ్స్ తర్వాత చెప్పుకునే జిమ్మేదార్లలో ఒకడు. ఇంటి పెద్దకొడుకు తెచ్చిన రిష్తా లాంటిది. అయినా అడగాల్సినవాళ్లు అడిగారు. భద్రత మాటేమిటి, ఇంత పెద్దది లోపలే ఎందుకు అని నెలల తరబడి సవాళ్లు జవాబులు నడిచాయి. టోర్వాల్డ్స్ తనే కొలిచి చూసి, నెమ్మదికి కసూర్ కర్నెల్‌ది కాదు, బయట రాసిన ప్రోగ్రామ్ సరిగ్గా లేదు అన్నాడు. చివరికి తెచ్చినవాళ్లే వాపస్ తీసుకున్నారు. ఆ తర్వాత 2017లో బయటే ఉండి ఆ పని బాగా చేసే కొత్త ప్రోగ్రామ్ ఒకటి వచ్చింది.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. "పెట్టి చూస్తే ఏం పోయింది? బాగాలేకపోతే తీసేయవచ్చు కదా?" అని భాంజాని అడిగాను.

"అదే కుదరదు మామూ," అన్నాడు. అప్పుడు చెప్పాడు వాళ్ల అసలు ఉసూల్. కర్నెల్ ఒకసారి బయటి ప్రోగ్రాములకి ఇచ్చిన మాట తప్పకూడదు. ఏదైనా సౌకర్యం ఇచ్చాక, ప్రపంచంలో ఏ మూలనో ఎవడో ఒకడు దాని మీద ఆధారపడి తన పని కట్టుకుని ఉంటాడు. రేపు దాన్ని తీసేస్తే వాడి మెషీన్ ఆగిపోతుంది. తప్పు వాడిదే అయినా, మార్పు తెచ్చినవాడే వెనక్కి తగ్గాలి. టోర్వాల్డ్స్ ఎక్కువ కోప్పడేది ఈ ఉసూల్ తప్పినవాళ్ల మీదేనట. ఎవరూ వాడటం లేదని తేలితేనే తీస్తారు. లినక్స్ పుట్టిందే ఇంటెల్ 386 చిప్ మీద. ఆ చిప్‌కి రుఖ్సత్ చెప్పడానికి 2012 డిసెంబర్ దాకా, అంటే 21 ఏళ్లు ఆగాల్సొచ్చింది.

అందుకని మాట్లాడాల్సిందంతా గడప దగ్గరే మాట్లాడాలి. లోపలికి రానివ్వడానికి ఒక్క రోజు చాలు. వచ్చాక పంపడానికి ఒక తరం పట్టొచ్చు.

లోపల ఉండటం అంటే ఏమిటో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. శుక్రవారం. నేను డెస్క్ మీద ఉన్నాను, జుమా నమాజ్‌కి వెళ్లే హడావిడి. ఒక్కసారిగా ఖబర్లు. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు, బ్యాంకులు ఆగాయి. షంషాబాద్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో దేశమంతా తిరిగింది. నేను 'సర్వర్ డౌన్' అని హెడ్డింగ్ పెట్టి నమాజ్‌కి పరిగెత్తాను. అది తప్పు హెడ్డింగ్ అని ఒప్పుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. జరిగిందేమిటంటే, ఒక సెక్యూరిటీ కంపెనీ ప్రోగ్రామ్‌లో కొంత ముక్క విండోస్ కర్నెల్ లోపల నడుస్తుంది. దొంగల్ని పట్టాలంటే లోపల ఉండాలి అన్నది వాళ్ల దలీల్, అందులో నిజం లేకపోలేదు. ఆ రోజు వాళ్లు పంపిన ఒక చిన్న ఫైలులో పొరపాటు ఉంది. దాన్ని చదవబోయి ఆ ముక్క తనది కాని జాగాలో చెయ్యి పెట్టింది. అదే బయటి యాప్ అయితే ఆ ఒక్కటీ మూతపడేది. లోపలిది కాబట్టి మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర వేసుకుని నిలిచిపోయాయి. చాలా చోట్ల ఒక మనిషి వెళ్లి ఒక్కో మెషీన్ ముందు కూర్చుని సరిచేయాల్సొచ్చింది. మా నానీ బావి గట్టు మీద చెంబు ఎందుకు పెట్టనివ్వలేదో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

అలాగని వద్దనేవాళ్లంతా ఔలియాలు కారు. ఇదీ చెప్పాలి. బీక్యాష్ఎఫ్ఎస్ అని ఒక ఫైల్ సిస్టమ్ ఉంది, మన ఫొటోలూ కాగితాలూ డిస్కులో సర్దిపెట్టేది. కెంట్ ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన ఏళ్ల తరబడి రాశాడు. 2024 జనవరిలో వచ్చిన 6.7 కర్నెల్‌లో చోటు దొరికింది. కర్నెల్‌లో ఒక కాయిదా ఉంది. కొత్తవి చేర్చడానికి రెండు వారాలే తలుపు తెరుస్తారు. ఆ తర్వాత ఆరేడు వారాలు మరమ్మతులే, కొత్త సామాను రాకూడదు. 2025 జూన్‌లో ఆయన మరమ్మతుల వారాల్లో, పోయిన డేటాని వెనక్కి తెచ్చుకునే కొత్త వీలు ఒకటి పంపాడు. ఇది కొత్త సామాను అన్నారు వాళ్లు. జనం డేటా పోతుంటే కాయిదాలేమిటి అన్నాడు ఆయన. ఇద్దరి మాటలోనూ వజన్ ఉంది. మాటా మాటా పెరిగింది. ఆ ఏడాదే ఆ కోడ్ కర్నెల్ నుంచి బయటికి వెళ్లిపోయింది. ఇప్పుడు బయట నుంచే వాడుకునేవాళ్లు వాడుకుంటున్నారు. డేటా పోగొట్టుకున్నవాడి వైపు నుంచి చూస్తే ఆ కాయిదా ఎంత కఠినంగా కనిపిస్తుందో ఊహించగలను.

లెహజా కూడా ఒక సంగతే. వద్దనడం ఒకటి, జలీల్ చేయడం ఇంకొకటి. టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి జనాన్ని కఠినమైన మాటలు అన్నాడు. 2018 సెప్టెంబర్‌లో తన ప్రవర్తనకి మాఫీ అడిగి కొన్నాళ్లు పని నుంచి తప్పుకున్నాడు. అంత పెద్ద మనిషి అందరి ముందూ ఆ మాట అనడం నాకు నచ్చింది. మా భాంజాకి వచ్చిన జవాబులో తిట్టు ఒక్కటీ లేదు. అయినా వాడికి నొప్పి కలిగింది. ఎందుకంటే 'బయట పెట్టుకో' అన్న మాట మన చెవికి 'నువ్వు పరాయివాడివి' అని వినిపిస్తుంది.

ఇక ఆ దాలాన్‌లోకి మళ్లీ వస్తాను.

రెండో రోజు సాయంత్రం వాడి ఫుప్పూ, అంటే దూలాభాయ్ చెల్లెలు, 27వ లైను రాయమంది. జోడే కీ రఖమ్. మనం అడగనే అక్కర్లేదు, వాళ్లే ఇస్తారు, రివాజే కదా అంది. అమ్మాయి వాళ్ల అబ్బా ఉర్దూ టీచరుగా రిటైరైన మనిషి. ఆమె వెనక ఇద్దరు చెల్లెళ్లున్నారు. ఆపా నసిగింది. దూలాభాయ్ పాన్ నములుతూ పైకప్పు చూశాడు. ఫుప్పూ అంది, "ఇంత ఖర్చవుతోంది. ఇందులో ఇదొక బరువా?"

మా భాంజా ఒక్కసారిగా తలెత్తి నా వైపు చూశాడు. నేనూ వాడి వైపు చూశాను. ముందురోజు వాడు అన్న మాటే అది. 4 కోట్ల లైన్లలో నా 1,900 ఒక బరువా?

"మామూ, మీరు చెప్పండి," అంది ఆపా తన కొడుకు తరఫున నన్ను పిలుస్తూ. అందరూ నా వైపు తిరిగారు.

నా నోట మాట రాలేదు. ఎందుకో మీకు చెప్పాలి. 18 ఏళ్ల కింద నా షాదీలో 60 వేలు తీసుకున్నారు. నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు. పెద్దవాళ్ల ఫైస్లా అని తలొంచుకుని కూర్చున్నాను. మూడేళ్లకి మా తమ్ముడి షాదీ వచ్చింది. పెద్దవాడికి 60 అయినప్పుడు చిన్నవాడికి తక్కువ ఎలా అన్నారు. నా మౌనం వాడి హక్కు అయిపోయింది. తర్వాత చాచాల ఇళ్లలో మా పేరు చెప్పి ఎంతెంత అడిగారో నాకు తెలియదు. ఒకసారి ఇచ్చిన వీలు మీద ఎక్కడో ఎవరో తమ లెక్క కట్టుకుంటారని భాంజా చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. మా ససుర్ సాబ్ ఆ 60 వేలు ఎవరి దగ్గర తెచ్చారో నేను ఎప్పుడూ అడగలేదు. ఆయన ఇప్పుడు లేరు.

నేను చెప్పలేకపోయింది మా భాంజా చెప్పాడు. గొంతు పెంచలేదు. లాప్‌టాప్ మూసి వచ్చి ఫుప్పూ పక్కన చాప మీద కూర్చున్నాడు. నోట్‌బుక్ తీసుకుని ఒక్కో లైనుకీ ఆ మూడు ప్రశ్నలే అడిగాడు. ఇది లేకపోతే నిఖా ఆగుతుందా? ఇది ఎవరికి కావాలి? నా తర్వాత తమ్ముడికీ, చెల్లెలికీ దీన్ని ఎవరు మోస్తారు?

నిఖాకి కావాల్సింది ఈజాబ్ ఖుబూల్, ఇద్దరు గవాహులు, మెహర్. సియాహాలో ఖాజీ సాబ్ రాసేదీ అవే. జోడే కీ రఖమ్‌కి అందులో గడి లేదు. ఆ లైను వాడు తనే కొట్టేశాడు. "ఫుప్పూ, ఈసారి తీసుకుంటే రేపు మన ఇంటి పిల్లకి మనమే ఇవ్వాలి. ఆపలేం," అన్నాడు. బ్యాండు పోయింది, డ్రోన్ పోయింది. జుమ్మగీలు జాబితా లోంచి తీసేసి, ఎవరింట్లో వాళ్లు ఇష్టంగా పిలుచుకుంటే వస్తాం, లేకపోతే లేదు, లెక్క మాత్రం రాయవద్దు అన్నాడు. సాంచఖ్ ఉంచాడు. అది మన ఖర్చు, ఫుప్పూ ముచ్చట. బిర్యానీ గురించి బహస్ జరగలేదు. అది లేకుండా వలీమాకి ఎవరు వస్తారు అంది ఆపా. ఉస్తాద్ టానెన్‌బామ్ ఉంటే ఆయన కూడా ఒప్పుకునేవాడు.

ఫుప్పూకి కోపం వచ్చింది. నా మాటకి కీమత్ లేదా అని లేచి లోపలికి వెళ్లింది. వాడు వెనకే వెళ్లి చాలాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడాడో తెలియదు. బయటికి వచ్చాక ఇద్దరి కళ్లూ తడిగా ఉన్నాయి. ఆమె వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. షవ్వాల్‌లో సాంచఖ్ తబక్కులు మోసుకుని అందరికంటే ముందు బయల్దేరింది మాత్రం ఆమే.

నిఖా నోట్‌బుక్‌లో చివరికి 11 లైన్లు మిగిలాయి. మూడు కాలేదు. ఇంకా తగ్గేదేమో, నాకు తెలియదు. కర్నెల్ కూడా 10,000 లైన్ల దగ్గర ఆగలేదు.

వాడి పైవంద్ ఏమైందంటే, ఆరు వారాల్లో బయట నడిచే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. కర్నెల్ ఇచ్చే కొలత చూసుకుని అదే ఫైస్లా చేస్తుంది. దుకాణం మూసే టైము వరస, బ్యాటరీ వరస అన్నీ అందులోనే పెట్టుకున్నాడు. బాస్ రోజూ మార్చమంటే రోజూ మారుస్తున్నాడు, ఎవరినీ ఇజాజత్ అడగక్కర్లేదు. ఒక రాత్రి ఏదో తప్పు జరిగి అది పడిపోయిందట. రెండు సెకన్లలో తనే లేచింది. పొద్దున హిసాబ్ చూస్తే తప్ప ఎవరికీ తెలియలేదు. ఫోన్ చేసి ఇది చెబుతున్నప్పుడు వాడి గొంతులో ఖుషీ వినిపించింది. "లోపల పెట్టి ఉంటే మెషీన్లన్నీ పడిపోయేవి మామూ," అన్నాడు.

నా బిడ్డ పదో తరగతి చదువుతోంది. మా ఇంట్లో ఆ నోట్‌బుక్ ఇంకా కొనలేదు. కొన్న రోజు మొదటి పేజీ నేనే రాస్తాను. 60 వేల సంగతి కూడా ఆ రోజు చాప మీద అందరి ముందూ నేనే చెప్తాను, మా బేగం ఎదురుగా.